తలా పిడికెడు పులుపు

అన్నం వండాలి. వెనిగర్ కలపాలి. కాస్త చల్లారాక అందులోంచి ఒక చెంచాడు తీసి దాని పులుపెంతో కొలిచి పెట్టుకోవాలి. ఆ రోజు పొద్దున్న దుకాణంలో జరగాల్సిన పని అంతే. మొదటి రెండూ అత్తగారివి, మూడోది అల్లుడిది. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. అల్లుడూ అలాగే అనుకున్నాడు.

అది వీధి మలుపులో ఉన్న చిన్న సుషీ దుకాణం. ముందు గదిలో అద్దాల కౌంటరు, దాని ముందు కాళ్లు నేలకందని ఎత్తు స్టూళ్లు. వెనక గదిలో వంటిల్లు, ఆ వెనక సందులోకి ఒక తలుపు. ఓడల్లో వంటవాడిగా దేశాలు తిరిగొచ్చిన అన్నగారి దగ్గర అత్తగారు ఈ విద్య నేర్చుకున్నారు. పుల్లటి అన్నాన్ని సముద్రపు నాచు ఆకు మీద పలచగా పరిచి, మధ్యలో చేపముక్క పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి, బిళ్లలుగా కోస్తారు. చేపలు తెచ్చి కోసే పని కూతురిది. కౌంటరు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించే పని మామగారిది. అల్లుడు ఈ మధ్యే వచ్చి చేరాడు. అంతకుముందు అతను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. వందల పేజీల్లో ఎక్కడో ఒక సున్న జారిపోయినా అతని కంట పడేది. సున్నలు పట్టుకోగలిగాడు గానీ అచ్చాఫీసు మూతబడుతుంటే ఆపలేకపోయాడు.

అతనికి పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది. ఏది చూసినా ఆశ్చర్యపోతాడు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినా సరే, ఒక్క క్షణం నిలబడి చూస్తాడు. ప్రతి పది మాటలకీ ఒకసారి "ఔరా!" అంటాడు. అచ్చాఫీసులో అందరూ అతన్ని ఔరా అనే పిలిచేవారు. జీతం చీటీ మీద కూడా అలాగే పడిందని ఒకసారి అతనే పట్టుకుని దిద్దాడు.

అలాంటి మనిషిని ఆహార శాఖ వాళ్ల శిక్షణకు పంపడం మామగారి ఆలోచన. శాఖవారు కొత్త నియమం పెట్టారు. పులుపు కలిపిన అన్నాన్ని బయట తొట్టిలో ఉంచి అమ్మాలంటే ఆ పులుపు ఎంతో కొలిచి చూపించాలి. చూపించలేకపోతే అన్నం ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టిన సుషీ అన్నం గులకరాళ్లకు తమ్ముడవుతుంది. దాన్ని కొనేవాడుండడు. అంటే దుకాణానికి తాళం వేసుకోవాలన్నమాటే.

శిక్షణ నుంచి అల్లుడు గుడికి వెళ్లొచ్చినవాడిలా తిరిగొచ్చాడు. అన్నం కుతకుత ఉడుకుతున్నా చావని సూక్ష్మజీవులు ఉంటాయిట. గింజల్లా ముడుచుకుని కూర్చుని, అన్నం గోరువెచ్చబడగానే కళ్లు తెరిచి, పిల్లాపాపలతో కాపురం పెడతాయిట. అవి భయపడేది పులుపుకేనట. ఆ పులుపును కొలిచే అంకెలు తలకిందులుగా నడుస్తాయట. మంచినీళ్లు ఏడు. పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. ఒక్క మెట్టు దిగితే పులుపు పదింతలు. అన్నం నాలుగు పాయింట్ ఆరుకు దిగువన ఉంటేనే బయట ఉంచాలి, ఇంకాస్త దిగితే ఇంకా నిశ్చింత.

"ఒక్క మెట్టుకి పదింతలంటే చూడండి మావయ్యగారూ! మన కంటికి కనపడకుండా మన గిన్నెలోనే ఇంత లోకం నడుస్తోంది. ఔరా!" అన్నాడు.

"మీ అత్తయ్యగారి కోపం కూడా అంతే అల్లుడూ. మెట్టు దిగిందంటే పదింతలు," అన్నారు మామగారు, వంటింటి వైపు ఓసారి చూసుకుని.

అత్తగారికి ఈ కొలతల మీద నమ్మకం లేదు. కానీ అల్లుడితో ఆ మాట అనలేరు. ఆ ఇద్దరి మధ్య మాటల కంటే మర్యాద ఎక్కువ. ఆవిడ అతన్ని తమరు అంటారు. అతను ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చోడు, ఆవిడా అతని ఎదుట కూర్చోరు. కూతురు ఉన్నప్పుడు ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసి పని జరిపిస్తుంది. ఆ పొద్దున్న కూతురు చేపల రేవుకు వెళ్లింది. తనిఖీ అధికారిణి వచ్చేది ఆ రోజే.

అల్లుడు వంటింటి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద పులుపు మీటరును పెట్టాడు. చూడ్డానికి లావుపాటి కలంలా ఉంది. పైన అంకెలు కనపడే చిన్న కిటికీ, అడుగున తళతళలాడే కొన. పక్కన రెండు సీసాలు. ఒకదానిలో పులుపు అంకె సరిగ్గా ఏడుండే ద్రావకం, రెండోదానిలో నాలుగుండేది. అన్నం కొలిచే ముందు మీటరును ఆ రెండింట్లోనూ ముంచి, అది నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. అల్లుడు ఊపిరి బిగబట్టి ఏడు సీసాలో ముంచాడు. కిటికీలో అంకెలు కాసేపు తడుముకుని ఆగాయి. ఆరు పాయింట్ తొమ్మిది.

"ఔరా! వెంట్రుకవాసి తేడా!" అన్నాడు పరవశంగా.

అప్పుడే రెండో వాయి అన్నం కుక్కర్లో పెట్టి, అత్తగారు పొయ్యి దగ్గర నుంచి పిలిచారు. "బాబూ, తమరు ఏమీ అనుకోకపోతే ఈ గిన్నె దించడానికి ఒక చెయ్యి వేస్తారా?"

అతను పరుగున వెళ్లి గిన్నె దించి, వేడి అన్నాన్ని చెక్క తొట్టిలోకి వంపడానికి సాయం పట్టాడు. అత్తగారు వెనిగర్ ధారగా పోసి, తెడ్డుతో మెతుకు చితక్కుండా కలుపుతూ, మరో చేత్తో విసనకర్ర విసిరారు. ఆ రెండు చేతులూ రెండు వేర్వేరు మనుషులవేమో అన్నట్టు కదిలాయి. అల్లుడు నోరు తెరుచుకుని చూశాడు. కలపడం అయ్యాక ఆవిడ ఒక చిన్న డబ్బాలోకి కాస్త అన్నం తీసి మామగారి ఫలహారానికని పక్కన పెట్టారు.

"అయినా బాబూ, అన్నం సంగతి తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? దానికిన్ని సీసాలెందుకో," అన్నారు ఆవిడ, గోడతో అన్నట్టుగా.

ఆ మాట అల్లుడికి ఎంతో నచ్చింది. నిజమే కదా, ఏడు సీసాలో నిజం చెప్పింది, ఇంక నాలుగు సీసా ఎందుకు, ఒక్క మెతుకు చాలు అనుకున్నాడు. నాలుగు సీసా మూత తీయకుండానే అన్నం పరీక్షకు దిగాడు. పెద్దల మాట వినడమే ఆ రోజు అతను చేసిన మొదటి పొరపాటు.

చెంచాడు అన్నాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో మిక్సీలో తిప్పి, జావలా అయ్యాక గ్లాసులో పోసి, మీటరు ముంచాడు. ఆరు పాయింట్ తొమ్మిది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. మీటరు కడిగి, తుడిచి, ఇంకో చెంచాడు అన్నం తిప్పి, మళ్లీ ముంచాడు. ఆరు పాయింట్ తొమ్మిది. అంటే మంచినీళ్లు. అత్తగారు వెనిగర్ పోయడం అతను కళ్లారా చూశాడు. ఆ పోసిందంతా ఏమైంది? గింజల్లా ముడుచుకు కూర్చున్నవన్నీ ఆ తొట్టిలో ఒళ్లు విరుచుకుంటున్నట్టు తోచింది.

వెళ్లి ఏమని చెబుతాడు? అత్తయ్యగారూ, మీ అన్నంలో పులుపు లేదు అనా? ముప్పై ఏళ్లుగా ఆ అన్నం మీద బతుకుతున్న ఇంట్లో, నిన్నగాక మొన్న వచ్చిన అల్లుడు అనగలిగిన మాటేనా అది? కూతురున్నా బాగుండు, ఏదో ఒక వంకన తల్లి చెవిన వేసేది. చెబితే అత్తగారి పరువు పోతుంది, చెప్పకపోతే దుకాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అత్తగారు నాచు ఆకులు తేవడానికి ముందు గదిలోకి వెళ్లగానే, అల్లుడు ఒక గ్లాసు వెనిగర్ తీసుకుని గబగబా అన్నంలో పోసి కలిపాడు. కొలిచాడు. ఆరు పాయింట్ తొమ్మిది. ఇంకో గ్లాసు పోశాడు. ఆరు పాయింట్ తొమ్మిది. సందేహం వచ్చి నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నాడు. పళ్లు జివ్వుమన్నాయి, కుడి కన్ను తనంతట తానే మూసుకుంది. కానీ శిక్షణలో పదేపదే చెప్పారు. నాలుకను నమ్మకండి, అంకెను నమ్మండి అని. చదువుకున్నవాళ్లు చెప్పిన మాట కాదంటాడా? కన్నీళ్లు తుడుచుకుంటూ మూడో గ్లాసు పోశాడు.

ఆరు పాయింట్ తొమ్మిది.

"సముద్రం తాగిన అగస్త్యుడిలా ఉందే ఈ అన్నం! ఎంత పోసినా ఎక్కడికి పోతోంది?" అని బిత్తరపోయాడు.

అడుగుల చప్పుడైంది. తేలు కుట్టిన దొంగలా గ్లాసు వెనక దాచుకుని పక్కకు తప్పుకున్నాడు. అత్తగారు వచ్చి అలవాటుగా ఒక్క మెతుకు తీసి నాలుక మీద పెట్టుకున్నారు. అలాగే నిలబడిపోయారు. చేతిలో తెడ్డు గాల్లో ఆగిపోయింది. మొహంలో రంగు మారింది. తొట్టి వైపు, వెనిగర్ సీసా వైపు, మళ్లీ తొట్టి వైపు చూశారు. అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాడు అల్లుడు.

కానీ ఆవిడ తెడ్డు కింద పెట్టారు. ఎన్నడూ లేనంత మెత్తగా, "బాబూ, వీధిలో మీ ఆవిడ వస్తోందేమో ఒకసారి చూసొస్తారా?" అన్నారు.

అల్లుడు బతుకుజీవుడా అనుకుంటూ బయటికి వెళ్లి, వీధి చివరిదాకా చూసి, కూతురు జాడ లేక తిరిగొచ్చాడు. అత్తగారు చీర చెంగుతో నుదురు తుడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్లిపోయారు. అతను వంటింట్లో అడుగు పెట్టబోతుంటే ఈసారి మామగారు ఎదురొచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు.

"అల్లుడూ, బయట బోర్డు కాస్త వంకరగా ఉన్నట్టుంది, సరిచేసి రారూ?"

బోర్డు నిటారుగా ఉంది. అల్లుడు దాన్ని చాలాసేపు చూసి, పెద్దాయన మాట తీసేయలేక, వంకర చేసి, మళ్లీ సరిచేసి లోపలికొచ్చాడు. తొట్టి వైపు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అన్నం పెరిగింది.

ఇందాక తొట్టి అంచుకు బెత్తెడు కిందున్న అన్నం ఇప్పుడు గోపురంలా పైకి లేచి ఉంది. అల్లుడు దగ్గరికి వెళ్లి, చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నాడు. ఇందాకటి మంట లేదు. తియ్యగా ఉంది. పుల్లగానూ ఉంది, కానీ దాని కింద బెల్లం పాకంలాంటి తీపి.

"ఔరా!" అనబోయి ఆగాడు.

శిక్షణలో విన్నదంతా ఒక్కసారి గిర్రున తిరిగింది. కనపడని జీవులు పదిలక్షలై, కోట్లై, తిన్నదాన్ని ఇంకోటిగా మార్చేస్తాయన్నారు. పోసిన వెనిగర్‌నంతా ఇవే తాగేశాయి. తాగి, పులుపును తీపి చేసి, ఇప్పుడు అన్నాన్ని ఉబ్బిస్తున్నాయి. ఇంకాసేపు ఆగితే తొట్టి దాటి బయటికొస్తాయి. అతను రెండు చేతులూ జోడించబోయి ఆపుకున్నాడు. భయం ఎంత ఉందో అబ్బురం అంత ఉంది. సృష్టి అంటే ఎక్కడో లేదు, ఇదిగో, వంటింటి బల్ల మీద పొంగుతోంది.

కానీ ఇది మనుషులు తినే అన్నం. రోజూ వచ్చే పక్కకొట్టు దర్జీ, బడి నుంచి వచ్చే పంతులమ్మ, వీళ్లంతా ఇంకాసేపట్లో ఆ స్టూళ్ల మీద కూర్చుంటారు. ఎవరి పరువు పోయినా సరే, ఒక్క ప్రాణానికి ముప్పు రాకూడదు. అల్లుడు నిర్ణయించుకున్నాడు. తొట్టిని రెండు చేతులా కౌగిలించుకుని, ఎత్తి, మోకాలితో వెనక తలుపు తోసి, సందులోని చెత్తడబ్బా వైపు అడుగేశాడు.

సందులో ఒక సన్నటి ఆవిడ నిలబడి ఉంది. చేతిలో తోలు సంచి, కాళ్లకు అణిగిపోయిన చెప్పులు, మెడలో ఆహార శాఖ గుర్తింపు బిళ్ల. దుకాణాలకు ముందు తలుపు నుంచి వెళ్లే అలవాటు తనిఖీ వాళ్లకు ఉండదు.

"ఎక్కడికండీ, అంత అన్నం?" అంది ఆవిడ నెమ్మదిగా.

అల్లుడికి అబద్ధం తట్టలేదు. "మేడమ్, దగ్గరికి రాకండి! ఇది పెరుగుతోంది!" అన్నాడు.

తనిఖీ అధికారిణి సర్వీసులో చాలా మాటలు విని ఉంటుంది. అయినా రెప్ప వేయకుండా అతన్ని అరక్షణం ఎక్కువే చూసింది. "లోపలికి తీసుకురండి. చూద్దాం ఎంత పెరిగిందో," అంది.

తొట్టి మళ్లీ బల్ల మీదికి చేరింది. అలికిడికి అత్తగారూ మామగారూ వచ్చారు. అదే సమయానికి చేపల బుట్టతో కూతురు వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డ ముగ్గుర్ని చూసి, "ఏవైంది? ఎవరైనా మాట్లాడండి!" అంది.

అధికారిణి సంచిలోంచి తన మీటరు తీసింది. తొట్టిలో నాలుగు మూలల నుంచి అన్నం తీసి, జావ చేసి, ముంచింది. అంకెలు గబగబా మెట్లు దిగి ఆగాయి.

"నాలుగు పాయింట్ రెండు. బాగుంది," అంది.

"బాగుందా?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"అలా ఉండకూడదండీ! నాది చూడండి," అని అల్లుడు తన మీటరును అదే గ్లాసులో ముంచాడు. ఆరు పాయింట్ తొమ్మిది.

"దీన్ని నాలుగు ద్రావకంలో పెట్టి చూశారా?"

అల్లుడు తల దించుకున్నాడు. "ఏడులో చూశానండీ. ఒక్క మెతుకు చాలు కదా అని..."

అత్తగారు విసనకర్ర వైపు తిరిగారు.

అధికారిణి ఆ మీటరును నాలుగు సీసాలో ముంచింది. ఆరు పాయింట్ తొమ్మిది. కుళాయి కింద పెట్టింది. ఆరు పాయింట్ తొమ్మిది. గాల్లో పట్టుకుంది. అప్పుడూ ఆరు పాయింట్ తొమ్మిదే. దాన్ని వెలుతురుకు ఎత్తి, కొన దగ్గర గోటితో పట్టి చిన్నగా లాగింది. టప్‌మని ఊడి వచ్చింది. అద్దంలాంటి చిన్న మూత. దాన్నిండా నీళ్లలాంటి ద్రవం. కొన ఎండిపోకుండా కొట్టువాళ్లు బిగించి పంపిన మూత.

"పొద్దుట్నుంచీ మీరు కొలిచింది అన్నాన్ని కాదండీ. ఈ మూతలో నీళ్లని," అంది అధికారిణి.

వందల పేజీల్లో జారిన సున్నను పట్టుకునే అల్లుడు ఆ మూతను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మనిషి. కానీ ఏం చేస్తాడు, స్వభావం. "ఔరా! ఏం పనితనం!" అన్నాడు. కూతురు నుదురు కొట్టుకుంది.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. అధికారిణి కలం తీసి, "సరే, అంకె బాగానే ఉంది. కలిపే పద్ధతి చెప్పండి, రాసుకుంటాను," అంది. అత్తగారు గొంతు సవరించుకుని బియ్యం ఎంతో, వెనిగర్ ఎంతో చెప్పారు. అధికారిణి రాయలేదు. "అంత తక్కువ వెనిగర్‌తో ఈ అంకె రాదమ్మా," అంది.

అల్లుడికి ఇంక దాచడానికి ఏం మిగల్లేదు. "నేను మూడు గ్లాసులు పోశానండీ. అత్తయ్యగారికి తెలియకుండా," అన్నాడు.

అత్తగారు చివాలున తిరిగారు. అందరూ పిడుగు పడుతుందనుకున్నారు. కానీ ఆవిడ మొహం వికసించింది. "తమరా! తమరు పోశారా బాబూ! నా చెయ్యే తప్పిందనుకున్నాను. మతిమరుపొచ్చి రెండోసారి పోసేశాననుకున్నాను. ఈ వయసులో నాలుక పోయింది, ఇంక నా పని అయిపోయిందనుకుని..." ఆగిపోయారు.

"అనుకుని?" అంది అధికారిణి.

"డబ్బాలో పంచదారంతా కలిపేశాను," అన్నారు అత్తగారు, నేలచూపులు చూస్తూ. "అల్లుడి ముందు తలవంపులెందుకని బాబుని బయటికి పంపి."

ఇంక మిగిలింది మామగారు. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు.

"నాన్నా?" అంది కూతురు.

"దాని చెయ్యి వణకడం చూశానే," అన్నారు మామగారు. "పెళ్లైన దగ్గర్నుంచీ ఎప్పుడూ చూడలేదు. వెళ్లి రుచి చూస్తే నిజంగానే చెడగొట్టింది. ఆ మాట దానికి చెప్పడమా? అల్లుడి చెవిన పడనివ్వడమా? రెండో కుక్కర్లో ఇంకా ఏమీ కలపని అన్నం ఉంది కదా, అది మొత్తం ఇందులో కలిపేస్తే విరుగుడవుతుందని..."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ వంటింట్లో పాపాన్ని ఒక్కొక్కరూ ఇంకొకరి పరువు కోసమే కలిపారు. కూతురు చేపల బుట్ట కింద పెట్టి, గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. అధికారిణి పెదవులు కూడా కదిలాయి గానీ వెంటనే సర్దుకుంది.

"మీ మామూలు అన్నం, ఎవరూ ఏమీ చేయనిది, కాస్తయినా ఉందా?" అని అడిగింది.

మామగారి ఫలహారం డబ్బా ఉంది. అత్తగారే దాన్ని తెచ్చి, మూత తీసి, ఎదురుగా పెట్టారు. ఆవిడ నడకలో మళ్లీ ధీమా వచ్చింది. ఇప్పుడు చూస్తావులే అసలు అన్నం అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అధికారిణి కాస్త జావ చేసి తన మీటరు ముంచింది. అంకె మెట్లు దిగింది. అయిదు పాయింట్ ఒకటి దగ్గర ఆగింది. ఇంక దిగలేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"గీత నాలుగు పాయింట్ ఆరు దగ్గరమ్మా," అంది అధికారిణి మెల్లగా. "మీరు రోజూ అమ్మే అన్నం ఇదే కదా, ఇవాళ తొట్టిలోనూ ఇదే ఉండి ఉంటే నేను అనుమతి ఇచ్చేదాన్ని కాదు. ఇవాళ మీ అల్లుడుగారు తప్పు చేయకపోయి ఉంటే తాళం వేసి వెళ్లేదాన్ని."

అల్లుడి ఎదుట ఎన్నడూ కూర్చోని అత్తగారు బియ్యం డబ్బా మీద కూలబడ్డారు. "మా అన్న నేర్పింది ఇంత తక్కువ కాదు. ఇంకా ఎక్కువే పోసేదాన్ని. ఎప్పుడు తగ్గిందో..." అన్నారు. తరవాత మామగారి వైపు చూశారు.

మామగారు గొంతు తగ్గించి చెప్పారు. "నా పళ్ల వల్లేనమ్మా. పులుపు తగిలితే జివ్వుమంటాయి. ఒకసారెప్పుడో కాస్త తగ్గిస్తావా అన్నాను. అప్పట్నుంచీ నా మొహం చూసి, చెంచా చెంచా తగ్గిస్తూ వచ్చినట్టుంది. దానికీ తెలియదు, నాకూ తెలియదు."

అల్లుడు ఆ ఇద్దర్నీ చూస్తూ ఉండిపోయాడు. ఉడికినా చావని జీవులను విన్నాడు, మెట్టుకు పదింతలయ్యే పులుపును విన్నాడు. కానీ ఒక మనిషి పంటి నొప్పి ఏళ్ల తరబడి చెంచాలు చెంచాలుగా దుకాణం అన్నాన్నంతా మార్చేస్తుందని అతనికి ఎవరూ శిక్షణలో చెప్పలేదు. దీనికి ఔరా అనడం కూడా చిన్నమాటే అనిపించి, నోరు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. అది అన్నం గొప్పతనం కాదు, అదృష్టం గొప్పతనం. ఆ ఆలోచన అందరికీ ఒకేసారి వచ్చినట్టుంది.

అధికారిణి గడియారం చూసుకుంది. "పొరపాటున కుదిరిన అన్నానికి నేను సంతకం పెట్టలేను. మళ్లీ వండండి. నా ఎదురుగా, కొలిచి."

అత్తగారు లేచారు. బియ్యం కడిగారు. అన్నం ఉడికింది. తొట్టిలోకి వంపేటప్పుడు అల్లుడు చెయ్యి వేశాడు. వెనిగర్ సీసా ఎత్తిన ఆవిడ ధార మొదలుపెట్టబోయి, ఆగి, సీసాను అతని చేతికిచ్చారు.

"నువ్వు కొలువు నాయనా. నేను కలుపుతాను," అన్నారు.

తమరు పోయి నువ్వు వచ్చింది. అల్లుడు దాన్ని విన్నాడు గానీ, సీసా వణక్కుండా పట్టుకోవాల్సిన సమయం కనక ఏమీ అనలేదు. కూతురు మాత్రం చేప కోస్తున్న చెయ్యి ఆపి ఇటు చూసింది.

అన్నం చల్లారాక చెంచాడు తిప్పి, జావ చేశారు. మూత లేని మీటరు మొదట ఏడు సీసాలో ఏడు చూపించింది, నాలుగు సీసాలో నాలుగు చూపించింది. అల్లుడు దాన్ని అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని తేలు కొండిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని జావలో ముంచారు. కిటికీలో అంకెలు కదిలాయి. ఆరు, అయిదున్నర, అయిదు. అక్కడ కాస్త తటపటాయించాయి. నాలుగున్నర. నాలుగు పాయింట్ మూడు. నాలుగు పాయింట్ రెండు. ఆగింది.

అత్తగారు ఆ చిన్న కిటికీలోకి అలాగే చూస్తూ ఉండిపోయారు. ముప్పై ఏళ్లుగా నాలుక మీద మాత్రమే ఉన్న ఒక సంగతి మొదటిసారి కంటికి కనపడింది.

"ఔరా!" అన్నారు.

అధికారిణి సంతకం పెట్టింది. పొద్దుటి తొట్టి సంగతేమిటని మామగారు అడిగితే, "అది కూడా ప్రమాదం లేనిదే. తినగలరా అంటారా, రుచి మా శాఖ పరిధిలోకి రాదు," అని సంచి సర్దుకుంది. ఈసారి ముందు తలుపు నుంచి వెళ్లింది.

ఆలస్యంగానైనా దుకాణం తెరిచారు. మామగారు పంటి వైద్యుడి దగ్గరికి వెళ్తానని అందరి ఎదుటా ఒప్పుకున్నారు. మొదట వచ్చింది పక్కకొట్టు దర్జీ. ఎప్పటి స్టూలు మీద కూర్చుని, ఎప్పటిలాగే మొదటి బిళ్ల నోట్లో వేసుకుని, నములుతూ ఆగాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఏంటమ్మా, ఇవాళ అన్నం కాస్త పుల్లగా ఉందేం?"

అత్తగారు అల్లుడి వైపు ఒకసారి చూసి, రెండో బిళ్ల దర్జీ పళ్లెంలో పెట్టారు.

"అది పులుపు కాదు నాయనా, చట్టం."